ఆరోగ్యవంతురాలి నమూనా

ఒక పెద్ద అడవిలో, అంటే ఒక ఆఫీసు పట్టేంత పెద్ద అడవిలో, కుక్కల రొమ్ముగడ్డల పరిశోధన మండలి ఉండేది. దానికి అధ్యక్షురాలు ముఖమల్ దొరసాని. ఏదో బంగళా నుంచి తప్పిపోయి వచ్చిన తెల్ల బొచ్చుకుక్క. వేటాడటం రాదు కాబట్టి పదవి ఇచ్చారు.

మండలి చీటీ లేనిదే ఏ గడ్డనూ కొయ్యకూడదని నియమం. నిరుడు చీటీ లేకుండా ఒక కుక్కకు గడ్డ తీసినందుకు డాక్టరు వడ్రంగిపిట్ట తొర్రకు నెల రోజులు సీలు వేశారు. ఆ కుక్క ఇప్పటికీ బతికే ఉంది గానీ రికార్డుల్లో ఆ సంగతి లేదు.

అడవి అంచున తిరిగే ఎర్రక్క అనే కుక్కకు చివరి చన్ను పక్కన రేగిపండంత గడ్డ లేచింది. వేట నేర్వని పిల్లలు నాలుగు. వడ్రంగిపిట్ట ముక్కుతో నొక్కి చూశాడు.

"ఇవాళ తీసేస్తే పోతుంది ఎర్రక్కా. ఆలస్యమైతే ఊపిరితిత్తుల్లోకి పాకుతుంది. చీటీ తీసుకురా."

మండలి డైరెక్టరు కొండముచ్చు. పని తెలిసినవాడే, అదే అతని కష్టం. చీటీ కోసం వచ్చిన కుక్క గడ్డలోంచి చిన్న ముక్క, ఆరోగ్యంగా ఉన్న కుక్క రొమ్ములోంచి ఇంకో ముక్క తీసి, రెండింట్లోని ప్రోటీన్లను పక్కపక్కన పెట్టి చూస్తాడు. గడ్డలో ఏవి పెరిగాయో, ఏవి తగ్గాయో తెలిస్తే జబ్బును ముందే పట్టుకోవచ్చు. ఆలోచన బంగారం లాంటిది.

కానీ ఆ అడవిలో ఒక ఆచారముంది. ఏ పనికైనా తొలి చెయ్యి అధ్యక్షురాలిదే.

"ఆరోగ్యానికి నమూనా నేను కాక ఇంకెవరు?" అంది దొరసాని.

ఆవిడను ఒకసారి పరీక్షిద్దామనే మాట ఎవరి నోటా రాలేదు. పెద్దవాళ్లను తడిమి చూడటం మర్యాద కాదు. ఎర్రక్క గడ్డలోంచి ఒక ముక్క తీశారు. దొరసాని సీసా మీద మాత్రం ముందే 'ఆరోగ్యవంతురాలు' అని రాసి, తర్వాత ముక్క తీశారు.

పది రోజులకు ఫలితం వచ్చింది. కొండముచ్చు గుమాస్తా నక్కను పక్కకు పిలిచాడు.

"గుమాస్తాగారూ, ఎర్రక్క గడ్డలో పెరిగిన ప్రోటీన్లే అమ్మగారి ముక్కలోనూ పెరిగి ఉన్నాయి. ఆవిడకూ గడ్డ ఉందన్నమాట."

నక్క లేచి తలుపు వేసి వచ్చాడు. "అమ్మగారికి గడ్డ ఉండదండీ. సీసా మీద రాసి ఉంది కదా."

"మరి ఈ ప్రోటీన్లు?"

"ఆవిడలో ఉన్నాయంటే అవి ఆరోగ్య లక్షణాలు. అలా రాసెయ్యండి. కొత్త సంగతి కనిపెట్టినట్టూ ఉంటుంది."

కొండముచ్చుకు రిటైర్మెంటు రెండేళ్లలో ఉంది, నీడ ఉన్న కొమ్మ మీద క్వార్టర్సు ఉంది. రాశాడు. పొరుగు అడవుల సభలో ఆ పరిశోధనకు పతకం ఇచ్చారు. దాన్ని దొరసాని మెడలో వేశారు.

మర్నాడు ఎర్రక్క చీటీ కోసం వెళ్లింది.

"నీకే జబ్బూ లేదు పో," అన్నాడు నక్క. "అమ్మగారికి ఉన్నంత ఆరోగ్యం నీకుంది."

"గడ్డ పగిలి చీము కారుతోంది బాబూ. పిల్లలు పాలకొస్తే ప్రాణం పోతోంది."

"కారనీ. ప్రోటీన్లు బాగున్నాయి."

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ ప్రోటీన్లు పెరగని కుక్కలన్నీ రోగులేనని తేల్చి, నలభై మందికి ఆపరేషన్ చీటీలు ఇచ్చారు. ఆరోగ్యవంతులను ముట్టుకుంటే తొర్ర శాశ్వతంగా మూసేస్తామని దొరసాని సంతకంతో ఉత్తర్వు కూడా వచ్చింది.

ఎర్రక్క పొరుగున ఉండే బూడిదరంగు కుక్కకూ ఒక చీటీ వచ్చింది. నోట కరుచుకుని తెచ్చి ఎర్రక్క ముందు పడేసింది.

"నాకు కొయ్యడానికి ఏముంది వదినా? దీని మీద నువ్వు పో. పేరడిగితే నా పేరు చెప్పు."

వడ్రంగిపిట్ట చీటీ చూశాడు, ఎర్రక్కను చూశాడు, ఇంకేమీ అడగలేదు. గడ్డను పూర్తిగా తీసేశాడు. మిగతా ముప్ఫైతొమ్మిది మందినీ వానలు పోయాక రమ్మని పంపేశాడు. నెల తిరిగేసరికి ఎర్రక్క పిల్లలను వెంటబెట్టుకుని వేటకు పోయింది. ఈ కథలో నాకు సంతోషం కలిగించిన సంగతి ఇదొక్కటే.

ఈలోగా దొరసాని బొచ్చు కింద గడ్డ నిమ్మకాయంత అయింది. నొప్పి ఓర్చుకోలేక తనే వడ్రంగిపిట్ట దగ్గరికి వచ్చింది.

"చీటీ ఉందా అమ్మగారూ?" అన్నాడు వడ్రంగిపిట్ట.

"నేను అధ్యక్షురాలినయ్యా."

"అందుకే అడుగుతున్నానండీ. మీరు ఆరోగ్యవంతురాలని అడవంతా తెలుసు. ముట్టుకుంటే నా తొర్ర పోతుంది. ఉత్తర్వు మీద సంతకం మీదే."

దొరసాని ఆఫీసుకు వెళ్లి చీటీ రాయమని నక్కను అడిగింది.

"ఎంతసేపండీ, రాసేస్తాను," అన్నాడు నక్క. "కాకపోతే మీకు జబ్బని రాస్తే పరిశోధన తప్పవుతుంది. పతకం వెనక్కి పంపాలి. ఆ నలభై మందికీ సంజాయిషీ చెప్పాలి. రాయమంటారా?"

దొరసాని పతకాన్ని ఒకసారి, గడ్డను ఒకసారి చూసుకుంది. "ఆలోచించి చెబుతాను," అంది.

ఆలోచిస్తూనే వానాకాలంలో పోయింది. సంతాప సభలో నక్క లేచి, అమ్మగారు చివరి ఊపిరి దాకా సంపూర్ణ ఆరోగ్యంతో ఉన్నారని చెప్పాడు. కొండముచ్చు నేల చూస్తూ తల ఊపాడు.

అందుచేత, రోగం రాక తప్పకపోతే పెద్దవాళ్లకు లేని రోగమే తెచ్చుకోవాలి.