మూడంగుళాల బల్ల

ఆ ఆదివారం పొద్దున్న నాగేశ్వరప్రసాద్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి కొత్త చిత్రిక మిషను మీద టేకు బల్లని పైన రెండు పట్లు, కింద రెండు పట్లు పట్టాలి. పదింటికల్లా నాలుగు మూలలా కన్నాలు వేసి వసారాలోని ఇత్తడి గొలుసులకి తగిలించాలి. నాలుగింటి పాసింజరులో మావగారు దిగేసరికి ఉయ్యాల సిద్ధంగా ఉండాలి.

నిడదవోలు స్టేషనుకి కూతవేటు దూరంలో అతనికి పిండిమర ఉంది. ఊళ్లో సగం కొంపల కారం ఆ మరలోనే ఆడుతుంది. కానీ అతని ప్రాణం మాత్రం మర వెనక రేకుల షెడ్డులో ఉంది. అక్కడ అతను వడ్రంగం చేస్తాడు. కూటి కోసం కాదు, సరదాకి. ఇంతవరకూ మూడు పీటలు, ఒక స్టూలు చేశాడు. ఆ స్టూలు మీద కూర్చునేవాళ్లు ఎటు ఒరగాలో ముందే నిర్ణయించుకుని మరీ కూర్చుంటారు.

బల్ల సంగతి వేరు. పెళ్లయిన కొత్తలో పెద్దాపురం నుంచి మావగారు గవర్రాజు గారు ఒక పాత తలుపు పలక పంపారు. ఐదడుగుల పొడవు, పదిహేడంగుళాల వెడల్పు, మూడంగుళాల మందం, ఎక్కడా అతుకన్నది లేని టేకు. ఉయ్యాల చేయించుకోమన్నారు. చేయించడమెందుకు, నేనే చేస్తానన్నాడు అల్లుడు. ఆ మాటకి ఎనిమిదేళ్లు. మావగారు వచ్చినప్పుడల్లా ఖాళీ గొలుసులకేసి చూసి "ఉయ్యాల ఏదండీ?" అంటారు. ఈసారి కూడా ఆ ప్రశ్న వినబడితే తాను పుట్టింటికి వెళ్లి అక్కడే ఊగుతానని భార్య జగదాంబ చెప్పేసింది.

చేతి చిత్రికతో అంత పలకని సమంగా చదును చేయడం తన వల్ల కాదని ఎనిమిదేళ్లకి ఒప్పుకుని, నాగేశ్వరప్రసాద్ మిషను కొనడానికి రాజమండ్రి వెళ్లాడు. ఒకసారి కాదు, నాలుగుసార్లు. పలక వెడల్పుని పురికొస మీద ముడివేసుకుని జేబులో పెట్టుకెళ్లాడు. షాపులో మెకానిక్ అబ్రహాము రెండు మిషన్లు చూపించాడు. చిన్నది పన్నెండంగుళాలది. పెద్దది పద్దెనిమిది.

"ఇంట్లో సరదాకైతే చిన్నది చాలండి. మామూలు కరెంటుతో తిరుగుద్ది. వెడల్పు పలకలైతే నిలువునా కోసి, పట్టాక అతికించేసుకోవచ్చు," అన్నాడు అబ్రహాము.

"మావగారిచ్చిన పలకని నిలువునా కోసేయమంటారేంటండీ! నేనింక పెద్దాపురం వెళ్లక్కర్లేదా?"

"పెద్దదానికి మూడు ఫేజులు కావాలండి మరి."

"పిండిమర ఉందండీ నాకు. ఫేజులకేం లోటు లేదు. ఏదీ, ఓసారి వేసి చూపించండి."

అబ్రహాము మోటారు వేసి, బురద కాలవలోంచి తీసినట్టున్న ఒక మామిడి చెక్కని మిషను నోటికి అందించాడు. మిషను దాన్ని మనిషి తొయ్యకుండానే తనంతట తాను లోపలికి తీసుకుంది. అటువైపు నుంచి వచ్చిన చెక్క ఇటు వెళ్లిన చెక్క కాదు. నాగేశ్వరప్రసాద్ దాని మీద ముందు అరచెయ్యి పెట్టాడు. తరవాత, చుట్టూ చూసి, చెంప పెట్టాడు. కాసేపటికి "ఇంకోసారి," అన్నాడు. అలా ఏడుసార్లు వేయించుకుని చూశాడు. ఆ పూటే అతనికి తన గురించి ఒక సంగతి తెలిసి ఉండాల్సింది. తెలియలేదు.

శనివారం సాయంత్రం మిషను దిగింది. అబ్రహాము వచ్చి బిగించి, పూజ చేయించి, చక్రం ఎలా తిప్పాలో చూపించి, వెళ్తూ వెళ్తూ చెప్పాడు. "ఒక్కో పట్టుకి గోరంత మందమే పోద్దండి, కనబడదు కూడాను. కాపోతే అరంగుళం కంటే పల్చటిది మాత్రం పెట్టకండి. లోపల పట్టు దొరక్క నమిలేస్తది."

అరంగుళం ఎక్కడ, మూడంగుళాలెక్కడ అనుకున్నాడు నాగేశ్వరప్రసాద్.

ఆదివారం ఏడింటికి పథకం ప్రకారమే మొదలైంది. ఎనభై ఏళ్ల మసి, నూనె, పసుపు పట్టి నల్లబడిన పలక మిషనులోకి వెళ్లింది. అటువైపు బంగారం వచ్చింది. నిజం చెప్పాలంటే అది ఎవరైనా ఆగి చూడవలసిందే. వరద తగ్గాక ఇసుక మీద గోదారి వదిలిన చారల్లాంటి చారలు ఆ చివర నుంచి ఈ చివర దాకా తేలాయి. టేకు వాసన షెడ్డంతా నిండింది. నాగేశ్వరప్రసాద్ కళ్లు చెమర్చాయి. జగదాంబని పిలిచాడు.

ఆవిడ పమిట చెంగుతో చెయ్యి తుడుచుకుని బల్లని తాకింది. "సరే, బానే ఉంది. గొలుసులకి తగిలించండి మరి," అని లోపలికి వెళ్లిపోయింది. ఇంత అద్భుతానికి ఇంతేనా అని అతని మనసు చివుక్కుమంది.

నాలుగు పట్లూ అయ్యాయి. అక్కడితో ఆగితే ఈ కథే లేదు. కానీ అవి కారాలు ఆడించుకునే రోజులు. మర ముందు మిరపకాయల బస్తాలతో పాతిక మంది కూర్చున్నారు. చేపలమ్మే రత్తమ్మ మొదట తొంగి చూసింది.

"ఏంటి బాబుగారూ, లోపల రైలేమన్నా పెట్టారా?"

ఇక్కడ ఒక మాట చెప్పాలి. గోదావరి జిల్లాల్లో ఇంటికొచ్చిన మనిషికి ఇందాకటి కాఫీ ఇవ్వరు. అడుగున కాస్త మిగిలింది, తాగండి అనరు. పొయ్యి వెలిగించి మళ్లీ పెడతారు. మిషనుకీ అదే మర్యాద. చూడ్డానికి వచ్చిన మనిషికి పట్టేసిన బల్ల చూపించి పంపేయడం చల్లారిన కాఫీ పొయ్యడంతో సమానం. వేరే చెక్క పెట్టొచ్చు కదా అని మీకు తోచవచ్చు. పద్దెనిమిదంగుళాల మిషనులో జానెడు ముక్క పెట్టడం పెద్ద అరిటాకు వేసి ఒక్క మెతుకు వడ్డించడమే. నాగేశ్వరప్రసాద్ ఆ పని చెయ్యలేకపోయాడు.

రత్తమ్మ కోసం ఒక పట్టు పట్టాడు. రత్తమ్మ గుండెల మీద చెయ్యేసుకుని బయటికెళ్లి చెప్పింది. బయటివాళ్లు ఇద్దరిద్దరుగా లోపలికొచ్చారు. వచ్చినవాళ్లకల్లా ఒక పట్టు. ఒక ముసలాయనైతే చెప్పులు బయట విడిచి వచ్చాడు. మరలో మిరపకాయలు మాడిన వాసన వచ్చినా ఎవరూ పట్టించుకోలేదు.

పదింటికి వడ్రంగి అప్పారావు వచ్చాడు. నలభై ఏళ్లుగా ఊరి గుమ్మాలన్నీ ఆయన చేతి మీద లేచినవే. వెక్కిరిద్దామనే వచ్చాడు.

"మిషనుదేం పనండీ ప్రసాద్ గారూ, చెక్క మనసు దానికేం తెలుసుద్ది?"

ఇలాంటి పనిమంతుడికి మామూలు పట్టు చూపిస్తే అవమానించినట్టే. నాగేశ్వరప్రసాద్ చక్రం ఇంకొంచెం తిప్పి, రెట్టింపు లోతున పట్టాడు. అప్పారావు బల్ల మీదికి వంగి, ఒక కన్ను మూసి, అంచు వెంట చూశాడు. ఆ కన్ను తెరిచి రెండోది మూసి చూశాడు.

"నాకు మూడ్రోజుల పనండి ఇది. మూడ్రోజులు పట్టినా ఇంత సమంగా రాదండి. ఆయ్." తల దించుకుని నిలబడ్డాడు. "మా తమ్ముళ్లు కూడా చూడాలండి ఇది."

తమ్ముళ్లు నలుగురు. వాళ్లూ పనిమంతులే.

పన్నెండున్నరకి జనం పల్చబడ్డాక నాగేశ్వరప్రసాద్ ఎందుకో బల్లకేసి చూశాడు. అనుమానం వచ్చి టేపు పెట్టి చూశాడు. అంగుళంన్నర. పొట్ట ఖాళీగా ఉన్నందువల్ల అలా కనబడుతోందేమోనని ఇంకోసారి పెట్టాడు. అంగుళంన్నరే. షెడ్డులో మోకాళ్ల దాకా పొట్టు ఉంది.

"ఫర్వాలేదు," అన్నాడు పైకే. ఉయ్యాలకి అంగుళంన్నర చాలు. దండిగా చాలు. ఇక దేవుడు దిగొచ్చినా మిషను వెయ్యకూడదని ఒట్టేసుకున్నాడు. భోంచేసి, ఒక్క కునుకు తీసి, లేచి కన్నాలు వేద్దామని నడుం వాల్చాడు.

మూడింటికి మెలకువ వచ్చింది. ఎక్కడో సన్నగా మోత. పిండిమర మోత కాదది. ఆదివారం మధ్యాహ్నం మర కట్టేస్తారు. నాగేశ్వరప్రసాద్ చొక్కా లేకుండానే షెడ్డుకి పరుగెత్తాడు.

షెడ్డులో పేరంటం జరుగుతోంది. పన్నెండు మంది ఆడవాళ్లు, తాంబూలం పళ్లెం, మిషనుకి నిలువెల్లా కుంకం బొట్లు. చక్రం దగ్గర జగదాంబ. పమిట నడుంలో దోపుకుని, రైలు డ్రైవరుకి ఉండేంత నిబ్బరంతో నిలబడి ఉంది.

"చూడండి వదినగారూ, ఇటు నుంచి వెళ్తుందా, అటు చూడండి. నెమ్మదిగా... ఆఁ! ఏదీ, చెయ్యి పెట్టండి. పసిపిల్ల బుగ్గలా లేదూ?"

ఆడవాళ్లందరూ ముక్కున వేలేసుకున్నారు. పక్కింటి అన్నపూర్ణమ్మగారు దండం పెట్టారు.

"జగదాంబా!" అన్నాడతను. గొంతు కీచుగా వచ్చింది.

"కేకలెందుకండీ, జనంలో?" ఆవిడ దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది. "అన్నపూర్ణమ్మగారి చెల్లెలు కాకినాడ నుంచి వచ్చిందండి. ఆవిడ మళ్లీ ఎప్పుడొస్తుందో ఏమో. చూపించకపోతే ఏం బావుంటుంది?"

"మరి పొద్దున్న ముక్తసరిగా 'బానే ఉంది' అన్నావు?"

"పొద్దున్నే బావుందంటే మీరు నన్ను మిషను ముట్టుకోనిచ్చేవారా?" అంది. తరవాత, ఇంకా మెల్లగా, "అంత బావుంటుందని నాకు మాత్రం ఏం తెలుసండీ," అంది.

టేపు పెట్టాడు. ముప్పావంగుళం. మొగుడూ పెళ్లాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తిట్టుకుందామంటే ఎవరికీ హక్కు లేదు. తిలా పాపం తలా పిడికెడు. ఆ బల్ల మీద మావగారు కూర్చుంటే గొలుసులు మిగులుతాయి, బల్ల మిగలదు. పేరంటాళ్లని సాగనంపి, బల్లని గోడకి ఆనించి, అంచు కనబడకుండా దుప్పటి వేలాడదీసేసరికి వీధిలో రిక్షా బెల్లు మోగింది.

గవర్రాజు గారు ఆరడుగుల మనిషి. కూర్చుంటే కుర్చీ ఒకసారి మూలిగి సర్దుకుంటుంది. ఆయన కాళ్లయినా కడుక్కోకుండా గొలుసులకేసి చూశారు.

"ఉయ్యాల ఏదండీ?"

"అయిపోయినట్టేనండి మావగారూ. గాలికి ఆరాలండి కాస్త. రెండ్రోజులు..."

"ఏదీ చూద్దాం," అని ఆయన నేరుగా షెడ్డులోకి నడిచారు. జగదాంబ అడ్డు నిలబడి కాఫీ అంది, మజ్జిగ అంది. ఆయన దుప్పటి లాగేశారు.

భార్యాభర్తలు ఊపిరి బిగబట్టారు. గవర్రాజు గారు అంచు చూడలేదు. బల్ల మొహం చూశారు. ఆ చారలు, ఆ నునుపు చూసి కొయ్యబారిపోయారు. వేలు ఆనించారు. అరచెయ్యి పరిచారు.

"ఇది ఆ తలుపేనా? మసిబారి బొగ్గు రంగులో ఉండేది, ఆ తలుపేనా? లోపల ఇంత అందం పెట్టుకుని ఎనభై ఏళ్లు నోరు విప్పలేదమ్మా ఇది!" ఆయన కండువాతో కళ్లు తుడుచుకున్నారు. "మిషను చేసిందా ఇదంతా? ఏదండీ, ఒక్కసారి వెయ్యండి."

"వద్దండి మావగారూ. కరెంటు..."

"వసారాలో ఫాను తిరుగుతోంది కదండీ."

"బ్లేళ్లు వేడెక్కాయండి."

గవర్రాజు గారి మొహం చిన్నబోయింది. "అల్లుడింటికొచ్చి నోరు తెరిచి ఒకటి అడిగాను. పోన్లెండి."

అంత మాటన్నాక ఏ అల్లుడు ఆగుతాడు? మిషను వేశాడు. ఒక పట్టు. గవర్రాజు గారు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. రెండో పట్టుకి పలక తానే అందిస్తానన్నారు. మూడో పట్టుకి చక్రం తానే తిప్పారు. నాగేశ్వరప్రసాద్ "పల్చటిది పెట్టకూడదంటండీ, పెట్టకూడదంటండీ" అని అరుస్తూనే ఉన్నాడు. మోతలో వినబడలేదు. జగదాంబ కళ్లు మూసుకుంది. ఏడో పట్టుకి మిషను ఒక్కసారి గర్రుమంది. చెరకు నమిలినట్టు నమిలి, అటువైపు చేటెడు పేళ్లు ఉమ్మేసి, మామూలుగా తిరగసాగింది.

మోటారు ఆపారు.

"మావగారూ, తప్పంతా నాదండి," అన్నాడు నాగేశ్వరప్రసాద్. "ఎనిమిదేళ్లు మాట నిలబెట్టుకోలేదు, నిలబెట్టుకుందామనుకున్న రోజున మీ పలకే లేకుండా చేశాను. మీరేమన్నా పడతానండి."

గవర్రాజు గారు పొట్టులో కూలబడ్డారు. మీసాలకి టేకు రజను అంటుకుని ఉంది. మొహం పాలిపోయింది.

"నా పలక కాదండీ అది," అన్నారు.

"అంటే?"

"మీ అత్తయ్యగారిది. వాళ్ల నాన్న పూజగది తలుపు. ప్రాణంగా దాచుకుంది. ఆవిడ తిరపతి వెళ్లినప్పుడు నేనే ఇక్కడికి తోలించేశాను. వచ్చాక, అల్లుడు పట్టుపట్టి అడిగాడు, లేదనలేకపోయానని చెప్పాను." ఆయన కూతురి కళ్లలోకి చూడలేకపోయారు. "ఉయ్యాలైందా, ఉయ్యాలైందా అని ఎనిమిదేళ్లుగా ప్రాణం తోడేస్తోంది నాది. గురువారం వస్తోందమ్మా. వాళ్ల నాన్న తలుపు మీద కూర్చుని ఓసారి ఊగి పోతుందట. ముందొచ్చి అంతా చూసుకుందామని నేను..."

అల్లుడు వెళ్లి మావగారి పక్కన పొట్టులో కూర్చున్నాడు. పెళ్లయిన ఎనిమిదేళ్లలో వాళ్లిద్దరూ సమానమైన ఎత్తులో కూర్చోవడం అదే మొదలు.

"చెద పట్టిందని చెబుదామా అండీ?"

"టేకుకి చెద పట్టదని ఆవిడే నాకు చెప్పింది."

"దొంగలెత్తుకుపోయారందాం నాన్నా," అంది జగదాంబ.

"అది బావుంది. అయితే ముందు ఈ పొట్టంతా కంటికి కనబడకుండా చెయ్యాలమ్మా. ఆవిడ వాసన పట్టేస్తుంది."

జగదాంబ పెరట్లో ఆ పొట్టుతోనే పొయ్యి రాజేసి పెద్ద కాగు ఎక్కించింది. ఆ సాయంత్రం ముగ్గురూ వరసగా తలంట్లు పోసుకున్నారు. నీళ్లు మాత్రం బ్రహ్మాండంగా కాగాయి.