గులాబీరంగు చీటీ

ఆ నవంబరు మంగళవారం లెమ్యూల్ ప్రాట్ పథకం చాలా చిన్నది. వెళ్లి ఓటు వేసి రావాలి. కాకపోతే ఆ ఓటు కల్నల్ వాట్రస్ కళ్లపడాలి. మిల్‌బ్రూక్‌లో ఓటు చీటీలు ఏ పార్టీవి ఆ పార్టీ రంగులో ఉంటాయి; పసుపు చీటీల పార్టీకి కల్నలే పెద్ద. తమవాడు దేశాధ్యక్షుడైతే ఊరి పోస్టుమాస్టరుగా ఎవరిని వేయాలో వాషింగ్టన్‌కు చెప్పేది ఆయనే.

లెమ్యూల్ తలుపుల్లేని కొట్టంలో కూర్చుని గుర్రపు జీన్లు కుట్టేవాడు. చలికి వేళ్లు కొయ్యబారి సూది జారిపోయేది. ఇంకో రెండు చలికాలాలు ఇలాగే గడిస్తే ఆ వేళ్ల మీద ఆశ వదులుకోమన్నాడు డాక్టరు. పోస్టాఫీసులో పెద్ద ఇనప పొయ్యి ఉంది. దాని పక్కన కుర్చీ కోసం వేసవంతా ఊరేగింపుల్లో కాగడా మోశాడు. కల్నల్ పందుల దొడ్డికి కంచె కట్టాడు. ఆయన ఉపన్యాసం మధ్యలో నీళ్లు తాగడానికి ఆగినా చప్పట్లు కొట్టాడు.

"చీటీ పెట్టుకున్నావా?" అని అడిగింది భార్య ఫిలీనా.

"రాత్రే కోటు జేబులో పెట్టానులే" అంటూ మేకుకు వేలాడుతున్న నల్లకోటు తొడుక్కుని బయల్దేరాడు.

గుడ్డ చౌకగా వచ్చిందని ఫిలీనా ఒకే తానులో రెండు కోట్లు కుట్టింది. ఒకటి మొగుడికి, రెండోది తమ ఇంట్లోనే ఉండే తన తమ్ముడు హైరమ్‌కు. హైరమ్ ఎదుటి పార్టీవాడు, పుట్టు గులాబీ చీటీల మనిషి.

చీటీ పైకెత్తి పట్టుకుని, అందరూ చూస్తుండగా కచేరీ కిటికీ దాకా నడవడం ఆ ఊరి పద్ధతి. లెమ్యూల్ చెయ్యి బారుగా ఎత్తాడు. చూపంతా మెట్లమీద ఉన్న కల్నల్ మొహం మీదే. ఆయన నోట్లోంచి చుట్ట జారి కిందపడింది.

"ప్రాట్‌కి బుద్ధొచ్చింది రోయ్" అని ఎవరో అరిచారు. లెమ్యూల్ తల తిప్పేసరికి అతని చేతిలోని గులాబీ చీటీ కిటికీలోంచి పెట్టెలో పడిపోయింది.

"అయ్యా, అది నాది కాదండీ, తిరిగిచ్చెయ్యండి."

"పెట్టెలో పడ్డాక మా నాన్నదైనా తిరిగివ్వను" అన్నాడు కిటికీ లోపలి మనిషి.

లెమ్యూల్ మెట్ల దగ్గరికి పరిగెత్తాడు. "కల్నల్ గారూ, ఇది నా కోటు కాదండీ."

"తాగి వేశామన్నవాళ్లని చూశాను. నెపం కోటు మీద పెట్టినవాణ్ని నిన్నే చూస్తున్నా, ప్రాట్."

ఈలోగా గులాబీ జనం లెమ్యూల్‌ను భుజాల మీదికి ఎత్తుకున్నారు. దింపమని చేతులాడిస్తే దణ్ణాలు పెడుతున్నాడనుకున్నారు. డోలు వాయిస్తూ వీధి తిప్పి పీపా మీద నిలబెట్టి మాట్లాడమన్నారు.

"నేను కల్నల్ గారి మనిషిని" అన్నాడు ఏడుపుగొంతుతో. "ఆయన పందుల దొడ్డికి కంచె కట్టింది నేనే."

"విన్నారుగా, ఓటరు చేత పందుల దొడ్డి కట్టించుకున్నాడట పెద్దమనిషి" అని అరిచాడు గులాబీ జనంలో ఒకడు.

చప్పట్లు మిన్నంటాయి. అదే సమయంలో హైరమ్, పీపా మీది బావను చూసి నవ్వుకుంటూ, జేబులోని చీటీ ఎత్తి పట్టుకుని కిటికీకి నడిచాడు. అది పసుపుగా ఉంది. కల్నల్ మెట్లు దిగివచ్చి కౌగిలించుకున్నాడు. హైరమ్‌కు ఒక గుణముంది. ఆశ్చర్యపోయినప్పుడు నోరు తెరవడు.

పసుపు పార్టీ గెలిచింది. ఆ చలికాలం లెమ్యూల్ చేతులు చంకల్లో పెట్టుకునే గడిపాడు. వసంతంలో హైరమ్ పోస్టుమాస్టరయ్యాడు. లెమ్యూల్ టోపీ చేత్తో పట్టుకుని కల్నల్ దగ్గరికి వెళ్లాడు.

"ఆ రోజు పసుపు చీటీయే వేసుంటే ఇచ్చేవారా అండీ?"

"నీకా? నువ్వెలాగూ మనవాడివే కదయ్యా. ఇస్తే అవతలి పార్టీనుంచి వచ్చినవాడికివ్వాలి. అప్పుడే వాడి వెనకాల ఇంకో నలుగురు వస్తారు."

లెమ్యూల్ ఎలా ఇల్లు చేరాడో అతనికే తెలియదు. ఫిలీనా అతని వేళ్లు తన అరచేతుల మధ్య పెట్టుకుని కూర్చుంది.

మళ్లీ మంచు పడ్డప్పుడు హైరమ్ కొట్టంలోకి తొంగిచూశాడు. "బావా, పొయ్యి దగ్గర కుర్చీ ఊరికే పడుంది. జీన్లు తెచ్చుకుని అక్కడ కుట్టుకో. నాకు కూర్చునే తీరికెక్కడిది?"

లెమ్యూల్ వెళ్లి కూర్చున్నాడు. మధ్యాహ్నానికి సూది వేళ్లలో నిలిచింది. హైరమ్ కనబడడేమని ఉత్తరాలకు వచ్చినవాళ్లు అడిగారు.

కల్నల్ పందుల దొడ్డికి కంచె కట్టడానికి వెళ్లాడని చెప్పాడు లెమ్యూల్.