మూడు పాటల షరతు

ఆదివారం పొద్దున్నే కామాగారు చేతిలో కాగితం, చెవి వెనక పెన్సిలుతో ముందుగది మధ్యలో నిలబడ్డాడు. ఆయన ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడు. నాలుగు మాటలకొకసారి ఆగి, తర్వాతి మాట సరైనదేనా అని ఆలోచించుకుని మరీ మాట్లాడతాడు కనుక అక్కడివాళ్లు పెట్టిన పేరు అది. మెల్లగా ఇంటిదాకా వచ్చేసింది. ఆ రోజు ఆయన ముందున్న పని ఒక్కటే. పదకొండు గంటలలోగా అయిదు ట్రాకులు ఎంచుకోవాలి.

అది సరదా పని కాదు. ముందుగదిలో రెండు నడుమెత్తు స్పీకర్లు, వాటి మధ్య ఆంప్లిఫయరు, ఇంకేవో నల్లడబ్బాలు కొలువుతీరి రెండేళ్లయింది. ఆయన వాటిని సిస్టమ్ అంటాడు. ఆయన భార్య ఆ పెట్టె అంటుంది. ఆమె బడిపిల్లల యూనిఫాంలు కుడుతుంది. ఇంట్లో వెలుతురంతా ముందుగదిలో, ఆమె కుట్టుమిషనేమో వంటింటి మూల పొయ్యి పక్కన. రెండేళ్లు ఓపిక పట్టింది. మొన్న సూదిలో దారం ఎక్కించబోయి వేలు గుచ్చుకున్నాక ఇక పట్టలేదు.

"ఆదివారం మా అన్నయ్య వస్తున్నాడు. ఆయన మధ్యలో నోరెత్తకుండా మూడు పాటలు మొత్తం విన్నాడనుకోండి, మీ పెట్టె ఇక్కడే ఉంటుంది. లేదా, అటకెక్కుతుంది. సరేనా?"

కామాగారు తల ఊపాడు. బావగారు బస్సు డిపోలో కంట్రోలరు. బస్సుల వేళలు ప్రకటిస్తూ ఇరవై ఆరేళ్లుగా మైకు ముందు కూర్చున్న మనిషి. మైకు లేనిచోట ఆ లోటు తెలియనివ్వడు. పెళ్లిచూపుల్లో కూడా పెళ్లికూతురి బదులు తనే మాట్లాడాడు. అలాంటి మనిషి మూడు పాటలు మౌనంగా వినాలంటే పాటలు మామూలువి కాకూడదు. మనిషిని కుర్చీకి కట్టిపడెయ్యాలి.

తొమ్మిదింటికి జాబితా తేలింది. మొదటిది వాద్యాలేవీ లేని ఆడగొంతు, పాడుతున్నట్టు కాక చెప్పుకుంటున్నట్టు సాగుతుంది. పాడే మనిషి ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తుంది. రెండోది పెద్దడోలు, నేల అదరడానికి. మూడోది పాట కాదు, స్పీకర్ల పదును చూపడానికి గాజుగ్లాసు పగిలే చప్పుడు. నాలుగోది వేణువు. అందులో అరనిమిషం పూర్తి నిశ్శబ్దం వస్తుంది. మంచి సిస్టమ్ గొప్పతనం నిశ్శబ్దంలోనే తెలుస్తుందని కామాగారి నమ్మకం. అయిదోది జోరువాన.

"గుండీలు అయిపోయాయి, కొట్టుకి వెళ్లొస్తాను," అని భార్య సంచీ తీసుకుని మెట్లు దిగింది. ఫోను వంటింట్లోనే మరిచిపోయింది. సరిగ్గా ఆ సమయంలో కింది వాటాలో ఉండే నర్సమ్మ పెరట్లో బట్టలు ఆరేసుకుంటూ ఉండటం వల్ల ఆమె వెళ్లడం చూడలేదు. ఆ తర్వాత జరిగినదానికంతటికీ ఇదే మూలం.

కామాగారు తలుపు గడియ వేశాడు. గోడలు ప్రతిధ్వనించకుండా కిటికీలకు బొంతలు కట్టాడు. డోలు మోత నేల మీద దొర్లకుండా భార్య యూనిఫాం గుడ్డ తానును దుప్పటిలో చుట్టి, స్పీకర్ల ముందు పొడుగ్గా పడుకోబెట్టాడు. తర్వాత ఒక్కో ట్రాకులో కాస్త కాస్త పెట్టి చూశాడు.

నర్సమ్మ ఉద్యోగం నుంచి రిటైరయింది కానీ నర్సుతనం నుంచి కాలేదు. ఎక్కడ ఎవరు మూలిగినా చెవులు నిక్కబొడుచుకుంటాయి. ఆమె లోపలికి వచ్చేసరికి పైనుంచి ఆడమనిషి గొంతు దీనంగా, "చాలు, నన్నిక పోనీ..." అంటోంది. వెంటనే దబ్, దబ్, దబ్ మని చప్పుళ్లు. ఆ వెంటనే గ్లాసు భళ్లున పగిలింది. తర్వాత చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. ఆ తర్వాత నీళ్లు, ధారగా, ఆగకుండా.

"కడిగేస్తున్నాడు!" అంది నర్సమ్మ, గుండె మీద చెయ్యేసుకుని.

మోకాళ్ల నొప్పులని ఏడాదిగా మెట్లెక్కని మనిషి, మందుల పెట్టె చంకనెట్టుకుని మెట్లెక్కింది. తలుపు తట్టినా ఎవరూ తియ్యలేదు. ఎదురువాటా వడ్రంగి టిఫిన్ చేస్తున్నవాడు ఎంగిలిచేత్తోనే వచ్చాడు.

"ఎవరూ, కామాగారా? ఆయన దోమను కూడా బతిమాలి పంపే రకం కదమ్మా!"

"నోట్లో నాలుక లేనివాళ్లనే నమ్మకూడదు. ముప్పై ఏళ్లు క్యాజువాలిటీలో చేశాను, నాకు చెప్పకు. ముందు తలుపు బద్దలు కొట్టు."

వడ్రంగి తలుపును పైనుంచి కిందికి చూశాడు. "ఇది నేను బిగించిన తలుపమ్మా. బద్దలు కొట్టడానికి చేతులు రావు. బయటికి తెరుచుకునేదే కాబట్టి బందులు ఇటే ఉన్నాయి. విప్పుతాను."

"ఎంతసేపు?"

"పన్నెండు స్క్రూలు. తుప్పు పట్టాయి."

అతను పనిముట్లు తెచ్చేలోపు బావగారు మెట్ల మీదే ప్రసంగం మొదలుపెట్టి పైకి వచ్చాడు. "ఏమయ్యా బావా, ఈ మెట్లు కట్టినవాడెవడో గాని..." అని ఆగాడు. నర్సమ్మ రెండు ముక్కల్లో సంగతి చెప్పింది. బావగారు చెల్లెలికి ఫోను చేశాడు. తలుపవతల వంటింట్లో అది మోగి మోగి ఆగిపోయింది.

లోపల వాన హోరు పక్కనే ఉన్న కామాగారికి ఇవేవీ వినబడలేదు, ట్రాకుల వరుస బాగుందని తృప్తిపడ్డాడు. కానీ రెండోసారి చదవకుండా ఆయన ఏ ప్రూఫునూ అచ్చుకు వదలడు. ఈసారి మొదటి నుంచి చివరిదాకా వినాలనుకున్నాడు. స్టూలు మీద కూర్చుని, కళ్లు మూసుకుని, పెట్టాడు.

ఆడగొంతు మళ్లీ లేచింది.

"బతికే ఉంది!" అని బావగారు అరవబోతే నర్సమ్మ ఆయన నోరు మూసింది. "మాట్లాడకండి! ఊపిరి ఎలా ఆడుతోందో వింటాను." పెట్టెలోంచి స్టెతస్కోపు తీసి తలుపుకి ఆనించింది. "ఊపిరి తెలుస్తోంది. బరువుగా తీస్తోంది."

బావగారు తలుపుకి చెవి ఆనించి నిలబడ్డాడు. అవతల ఆ గొంతు ఇల్లు విడిచిపోతూ గడపను, బావిని, చిన్నప్పటి జడరిబ్బనును తలుచుకుంటోంది. చెల్లెలు ఎప్పుడూ ఇన్ని మాటలు తనతో అనలేదే అనుకున్నాడు. అననిచ్చింది ఎప్పుడు? ఇద్దరి మాటలూ తనే మాట్లాడుతూ వచ్చాడు కదా. ఆరు నిమిషాలపాటు కంట్రోలరుగారి కళ్లు ధారగా కారాయి, నోరు మాత్రం కదల్లేదు.

డోలు మొదలయ్యాక ఉండబట్టలేక తలుపు మీద దబదబా గుద్దాడు. కామాగారు లోపల కళ్లు తెరవకుండానే తల పంకించాడు. ఈ పాటలో ఇంకో చిన్నడోలు కూడా ఉందని ఇన్నాళ్లూ తెలియలేదు. సిస్టమ్ అంటే ఇదీ!

గ్లాసు పగిలింది. వడ్రంగి ఏడో స్క్రూ జారవిడిచాడు. వేణువు వచ్చింది, ఆగింది. ఆ అరనిమిషం నిశ్శబ్దంలో ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. వేణువు మళ్లీ సాగి, ముగిసి, వాన మొదలవుతుండగా పన్నెండో స్క్రూ ఊడింది. వడ్రంగి తలుపును ఇవతలికి లాగి పడేశాడు, బావగారు లోపలికి దూకాడు.

బొంతల చీకట్లో దుప్పటి చుట్టి నేల మీద పొడుగ్గా ఉన్నది చూడగానే ఆయన దాని మీద పడిపోయాడు. "చెల్లీ! ఒక్కసారి మాట్లాడవే! నువ్వే మాట్లాడు, నేను వింటాను!"

"అన్నయ్యా, లే. ఆ గుడ్డ నలిగితే ఇస్త్రీకి లొంగదు."

గుమ్మంలో, అంటే గుమ్మం ఉండాల్సిన చోట, చెల్లెలు గుండీల పొట్లంతో నిలబడి ఉంది.

తర్వాత కాసేపు ఎవరు ఎవరికి ఏం చెప్పారో తేల్చడం కష్టం. స్పీకర్లలో మాత్రం వాన కురుస్తూనే ఉంది. అది ఆగేసరికి నర్సమ్మ స్టూలు మీద కూలబడి కొంగుతో ముఖం తుడుచుకుంటోంది. "నన్ను క్షమించు నాయనా. నిన్ను పట్టుకుని ఎంతమాట అనుకున్నాను!"

కామాగారు అలవాటుగా ఆగి, మాట వెతుక్కున్నాడు. "క్షమించడమేంటండీ. నాలుగేళ్లుగా మెట్ల దగ్గర నవ్వుకోవడమే తప్ప మీతో నాలుగు మాటలు మాట్లాడలేదు నేను. మా ఆవిడకి ఏదో అయిందని ఆ మోకాళ్లతో పైకొచ్చారు. నన్ను అనుమానించినందుకు... మీకు దణ్ణం పెట్టాలి."

ఆయన భార్య నేల మీది తలుపును చూసింది, వడ్రంగి వేళ్లకు ఎండిపోయిన ఎంగిలిని చూసింది, అన్నయ్య ఎర్రబడ్డ కళ్లను చూసింది. రోజంతా మిషను చప్పుడులో కూర్చుంటే తనను వినేవాళ్లెవరూ లేరని చాలాసార్లు అనుకుంది. కింద ఒకావిడ వింటూనే ఉంది. వడ్రంగి చేతి మీద చెంబుతో నీళ్లు పోసి, నర్సమ్మ కాళ్ల కింద దిండు పెట్టి, అందరికీ టీ పెట్టింది.

టీ తాగుతుండగా కామాగారు నెమ్మదిగా అన్నాడు. "మూడు... పాటలూ... బావగారు విన్నట్టేగా?"

"తలుపవతల నుంచి వింటే లెక్కా?" అంది భార్య.

"ఎక్కడ కూర్చోవాలో షరతులో లేదు."

"డోలు పాటెలా అవుతుంది?"

"పాటే!" అన్నాడు బావగారు. "మొదటిదైతే... నువ్వే అనుకున్నానే చెల్లీ."

ఆమె అన్నయ్య వంక చాలాసేపు చూసింది. "సరే, ఉండనివ్వండి," అంది చివరికి.

వడ్రంగి తలుపు ఎత్తబోతూ గది నాలుగు మూలలూ చూశాడు. "ఈ డబ్బాలు గోడకి బల్ల కొట్టి పైకెక్కిస్తే కింద కటింగు టేబులు, పక్కన మిషను హాయిగా పడతాయి. ఇది ఇన్నాళ్లూ నన్నడగలేదేం?" నిజమే, రెండేళ్లలో ఇద్దరికీ అటక తప్ప ఇంకో ఉపాయం తోచలేదు. సాయంత్రానికి బల్ల లేచింది. మిషను వెలుతురులోకి వచ్చింది. డబ్బు ఇవ్వబోతే వడ్రంగి, "ఆ వాన ఇంకోసారి పెట్టండి చాలు," అని నేల మీద చతికిలబడ్డాడు. నర్సమ్మ కళ్లు మూసుకుని వింది. ఈసారి ఆమెకు అది వానగానే వినిపించింది.

తర్వాతి ఆదివారం బావగారు పనిగట్టుకుని పాటలు వినడానికే వచ్చాడు. మొదటి పాటతోపాటు మాటలు మొదలుపెట్టి, అయిదో ట్రాకు అయిపోయాక కాస్త ఊపిరి తీసుకుని, "ఇంతకీ, ఎప్పుడు పెడతావయ్యా బావా?" అన్నాడు.