గడిలో సంతకము దించిన వీరుని గాథ

స్వస్తి. సూర్యభగవానుడు నడినెత్తి దాటి పడమటికి మొగ్గుచుండ, గోడగడియారపు ముల్లు కిటికీలు మూయు వేళకు వడివడిగా పాకుచుండ, విదేశీయనివాసోద్యోగానుమతికార్యాలయమను మహాదుర్గమునందు, ఇనుప కుర్చీల బారులలో నానాదేశాగతజనసందోహము టోకెన్ చీటీలు చేతబట్టి ఎర్రటి అంకెల పలక వంక రెప్ప వేయక చూచుచుండ, ఒక మూల ఫొటోకాపీ యంత్రము కాగితము మింగి మూలుగుచుండ, ఆ ఘోరముహూర్తమున మన కథానాయకుడు మూడవ కిటికీ యెదుట నిలిచియుండెను.

ఎవడా నాయకుడు? గగనచుంబిసౌధనిర్మాణధురంధరుడు, లోహదూలోత్తోలనచతురుడు, మేఘమండలసమీపపంజరనివాసి. అనగా క్రేన్ ఆపరేటరు. ఆకాశమున గాజు గూటిలో కూర్చుండి, ఏనుగంత కాంక్రీటు పలకను గాలిలో తేల్చి, క్రింద మేస్త్రీ చూపిన చోట కోడిగుడ్డు పెట్టినంత మెల్లగా దించగల హస్తలాఘవము అతనిది. అట్టి హస్తము నేడు కలము పట్టుటకే జంకుచుండెను. ఏలయన, దాని యెదుట అగ్గిపెట్టెలో సగమైనను లేని ఒక గడి యుండెను. అందులో అతడు సంతకము చేయవలెను.

“ఓస్, ఇంతేనా” అని పెదవి విరచు పాఠకోత్తములారా, ఆ సంతకమెట్టిదో విని మరీ విరువుడు. పందొమ్మిదవ యేట తొలి పాస్‌పోర్టు తీసుకొను నాడు అతని బాబాయి చెవిలో ఒక మంత్రము ఊదెను. “ఒరేయ్, చదవగలిగితే అది సంతకమే కాదురా. చూడగానే ఎవరో పెద్దాఫీసరు అనుకోవాలి.” ఆ మాట తలకెక్కి ఆ యువకుడు పాత దినపత్రికల అంచులన్నియు నల్లజేసి ఒక మహాసంతకమును సృష్టించెను. అది నత్తగుల్ల వలె చుట్టలు చుట్టుకొని మొదలై, అట నుండి శిఖరమున కెగసి, శిఖరము నుండి లోయలోనికి దూకి, లోయ నుండి పొడవాటి తోకయై సాగి, ఆ తోక వెనుకకు మరలి తన నడుమును తానే కోసికొని, తుదకు క్రింద రెండు చుక్కలై విశ్రమించును. అందులో అతని పేరులోని అక్షర మొక్కటియు లేదు. తరువాత పనిలో హాజరుకు బొటనవ్రేలు చాలెను. జీతము ఫోనులోనే పడెను. సంతకముతో అవసరము తీరి చేయి దానిని మరచిపోయెను. పాస్‌పోర్టు మాత్రము మరువలేదు.

కిటికీ కావల గాజుసింహాసనాధీశ్వరి, ముద్రాఘాతప్రచండ, గొలుసుకు వ్రేలాడు కళ్ళజోడు గల గుమాస్తా మేడమ్ కొలువై యుండెను. ఆమె నియమములు వల్లించెను.

“సంతకం గీతకి తగలకూడదు. పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే ఉండాలి. చూసేది నేను కాదు, మెషీను. మనిషికి మూడు కాగితాలే ఇస్తాను. అవి పాడైతే మళ్ళీ తేదీ తీసుకుని రావాలి.”

మళ్ళీ తేదీ. ఆ రెండు మాటలు విని వీరునకు గుండెలో రాయి పడెను. పాత అనుమతికి నేటితో ఆయువు చెల్లు. అనుమతి లేని వానిని రేపటి నుండి క్రేనెక్కనీయమని కంపెనీవారు ముందే చెప్పియుండిరి. అంతకన్న ఘోరమేమన, అతని దరఖాస్తు వెనుక భార్య దరఖాస్తు, దాని వెనుక పాలు మరువని కూతురి దరఖాస్తు ఒకే పిన్నుకు గుచ్చియుండెను. ముందుది తిరిగివచ్చిన వెనుకవి రెండును తిరిగివచ్చును. ముగ్గురును ఒకే కప్పు క్రింద నుండుటయా, తల్లీబిడ్డలు పెట్టె సర్దుకొని విమాన మెక్కుటయా అను సంగతి ఆ గడిలోనే తేలవలసియుండెను. నవ్వులాటకు మొదలుపెట్టిన మాకును ఇచట కొంచెము దడ పుట్టినది.

అంతట వీరుడు కలమను ఖడ్గము దూసి, మనసులో ఇట్లు గర్జించెను: “ఓరి చతుష్కోణాధమా, గిరిసదృశభారములను తృణప్రాయముగ నెత్తిన నా బాహువు నెరుగవా? నీ నాలుగు గోడల నడుమ నా కీర్తిపతాకను నేడే పాతెద. కాచుకొనుము.” ఇంత గర్జించి, పైకి మాత్రము, “పెన్ను సరిగ్గా రాస్తుందా అండి?” అని అడిగెను.

మొదటి సమరమున అతడు భయభక్తులతో సంతకమును కుదించి కుదించి, చుట్టలన్నియు ఒకదానిపై నొకటి పడునట్లు గీసెను. సంతకములు పోల్చు యంత్రము ఎర్రదీపము వెలిగించెను.

మేడమ్ కళ్ళజోడు పెట్టుకొని చూచెను. “ఏంటండీ ఇది, ఈగ చచ్చి పడిందనుకున్నాను.”

రెండవ సమరమున అతడు రోషావేశపరవశుడై పూర్వవైభవమునంతయు ప్రదర్శించెను. చుట్ట కుదిరెను, శిఖరము కుదిరెను, లోయ కుదిరెను. తోక యొక్కటి అదుపు తప్పి, గీత దాటి, ‘కార్యాలయ ఉపయోగమునకు మాత్రమే’ అను నిషిద్ధభూమిలోనికి చొరబడెను. మరల ఎర్రదీపము.

“తోక బయటికొచ్చింది” అనెను మేడమ్, మూడవ కాగితము జరుపుచు. “ఇదే ఆఖరిది. నిదానంగా చెయ్యండి, కిటికీ మూయడానికి ఇంకా కాస్త టైముంది.”

నిదానమను మాట వినగానే అతనికి ముచ్చెమటలు పట్టెను. కలము కాగితమునకు జానెడు పైన నిలిచిపోయెను. దిక్కు తోచక వెనుకకు తిరిగి చూచెను.

వెనుక నేల మీద పసుపుపచ్చని గీత. కిటికీవారు పిలిచిన దరఖాస్తుదారు తప్ప అన్యులు దానిని దాటరాదు. ఆ గీత చివర, బిడ్డను భుజాన నిద్రపుచ్చుకొని, పాస్‌పోర్టు నకలు చేతబట్టి అతని ఇల్లాలు నిలిచియుండెను. ఒక ప్రక్కకు జరిగి నిలిచినందున అతని మోచేతి మీదుగా కాగితము ఆమెకు స్పష్టముగా కనబడుచుండెను.

“ఏమండీ, ఒక్కళ్ళే ఎందుకు తంటాలు పడతారు. అక్కడ మీకు కింద నుంచి ఒకళ్ళు చెయ్యి చూపిస్తేగా మీరు బరువు దించేది. నన్ను చూసి చెయ్యండి” అనెను ఆమె మెల్లగా.

ఇచట కథ నాపి ఒక రహస్యము చెప్పవలెను. క్రేన్‌వాడు తన ఇష్టమునకు బరువు దింపడు. క్రింద సంజ్ఞ చేయువాని చేయి చూచి దించును. వ్రేలు పైకి త్రిప్పిన ఎత్తవలెను, క్రిందికి త్రిప్పిన దించవలెను, చాచిన వైపునకు తిరుగవలెను, అరచేయి చూపిన ఆగవలెను. ఈ విద్య అతని ఇంటికిని చేరెను. బిడ్డ నిద్రించు వేళ మాట పైకి వచ్చిన లేచి ఏడ్చునని, దానిని ఊయలలో దించునపుడు భార్యాభర్తలిరువురును ఈ సంజ్ఞలతోనే పని నడుపుకొనుచుండిరి. సంజ్ఞలిచ్చునది ఆమె. దించునది అతడు. ఏ ఇంటనైనను ఇంతే కదా.

వీరుడు ఊపిరి పీల్చి వదలెను. కన్నొకటి కలము మీదను, మరొకటి ఆలి చేతి మీదను నిలిపెను. ఆమె నకలు వంక నొకసారి చూచి వ్రేలు క్రిందికి త్రిప్పెను. కలము కాగితమును ముద్దాడెను. చుట్ట తిరిగెను. వ్రేలు పైకి, శిఖరము. వ్రేలు క్రిందికి, లోయ. చేయి కుడివైపు చాచగా తోక గంభీరముగా సాగెను.

మేడమ్ అనుమానముగా తల ఎత్తెను. “ఏమ్మా, ఏంటా సైగలు? ఆయనకేం చెప్తున్నారు?”

“దింపమంటున్నానండి.”

“ఏం దింపడం?”

“సంతకమేనండి. క్రేన్ ఆపరేటరు, చెయ్యి చూపిస్తే గాని ఏదీ దింపలేరు.”

మేడమ్ ఒక క్షణము ఆమెను, ఒక క్షణము తోక నడుమ ఆగిన కలమును చూచెను. “సంతకం ఆయనదే, చెయ్యీ ఆయనదే. గీత మాత్రం దాటకండమ్మా.” ఇట్లని ఆమెయు తన మెడ చాచి కాగితము వంక చూడసాగెను. వెనుక కుర్చీలలోని జనులును ముందునకు వంగిరి.

తోక గడి అంచునకు చేరుచుండెను. ఇంకను చేరుచుండెను. వెంట్రుకవాసి దూరమున ఇల్లాలి అరచేయి తటాలున తెరచుకొనెను. కలము ఆగెను. వెనుకకు తిరిగెను, నడుము కోసెను. ఒక చుక్క దిగెను. రెండవ చుక్కకు చోటు లేదేమోనని అందరి ప్రాణములును పైపైనే నిలిచెను. ఆమె బొటనవ్రేలిని చూపుడువ్రేలిని దాదాపు కలిపి చూపెను. అంతే చోటులో ఆ చుక్కయు దిగెను.

యంత్రము ఆలోచించెను. పచ్చదీపము వెలిగెను.

“హమ్మయ్య” అనినది మేడమ్. తాను కిటికీకి ఏ వైపున నున్నదో మరచి అనెను. వెంటనే గొంతు సవరించుకొని, “పాపకి సంతకం రాదు కాబట్టి పాప కాగితం మీద కూడా తండ్రి సంతకం కావాలి. ఇక్కడ, ఈ గడిలో” అనెను.

ఆ గడి మొదటిదానికన్న చిన్నది. విజేత ముఖమున కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

“తల్లి పెట్టకూడదా అండి?” అనెను ఇల్లాలు.

“తల్లయినా ఫరవాలేదు. రండి, గీత దాటొచ్చు మీరు.”

ఆమె బిడ్డను అతని భుజాన పెట్టి, కలము తీసికొని, చిన్ననాట పలక మీద నేర్చిన గుండ్రని అక్షరములతో తన పేరు వ్రాసెను. తన కాగితము మీద ఒకటి, బిడ్డ కాగితము మీద ఒకటి. అతడు బిడ్డ తలను భుజాన సర్దుకొనులోపల ఆ రెండు యుద్ధములును ముగిసెను. పచ్చదీపములు వరుసగా వెలిగెను. మేడమ్ ముద్రాదండము మూడుమారులు దబదబ మోగెను.

మెట్లు దిగుచు వీరుడు రసీదును వెలుగునకెత్తి చూచుకొనెను. ఛాతీ కొంచెము ఉబ్బెను. “ఎలా వచ్చింది నా సంతకం?”

“బాగానే వచ్చింది లెండి. మన ముగ్గురినీ ఇక్కడే ఉంచింది, అది చాలు” అనెను ఆమె. అతడింకేదో గొప్ప మాట చెప్పబోవ, ఆమె రసీదును అందుకొని మడతపెట్టి సంచిలో భద్రముగా దాచుట చూచి, మాట మాని, ఆమె చేయి పట్టుకొనెను.

కావున ఓ శ్రోతలారా, చాటుడు దిక్కులదర. గగనచుంబిసౌధనిర్మాణధురంధరుడు, మేఘమండలసమీపపంజరనివాసి, భార్యాహస్తసంజ్ఞానువర్తి, తన పేరును తానే, సొంత చేతితో, మూడవ ప్రయత్నమున, గీతకు తగులకుండ వ్రాసెను.