అరిగిన ఫ్యాన్ చేసిన మేలు

యూపీఎస్ పెట్టెలో ఫ్యాన్ మోత చేస్తుంటే మార్పించేవాళ్ళంత తెలివితక్కువవాళ్ళు ఉండరు. మేం మార్పించాం. కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది.

లెబనాన్ కొండల్లో మా ఊరి ఎగువ వీధిలో మంచం లేని ఇల్లు ఉండొచ్చు గానీ ఆ పెట్టె లేని ఇల్లు ఉండదు. మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ పోయిన చలికాలంలో కాలిపోయింది. అప్పట్నుంచి మిద్దె మీది సోలార్ ప్యానెళ్ళు పెట్టెకు కరెంటిస్తాయి, పెట్టె మా నాన్నమ్మ నజీహా ఆక్సిజన్ మిషన్‌కి ఇస్తుంది. పెట్టె వేడెక్కితే ఆగిపోతుంది. వేడెక్కకుండా చూసేది అరచేతంత ఫ్యాన్. ఒక మనిషి ప్రాణాన్ని అరచేతంత ఫ్యాన్‌తో నడపడంలో ప్రభుత్వానికి ఎంత పొదుపో గమనించారా?

ఆ ఫ్యాన్ మొదట సన్నగా కీచుమంది. అమ్మ వెంటనే ఆలివ్ నూనె పోసింది. మా వైపు చెవిపోటుకీ, తలుపు బందులకీ, చిక్కుపడ్డ జుట్టుకీ అదే వైద్యం. నూనెకు దుమ్ము అంటుకుంది, దుమ్ము ముద్దకట్టింది, ఫ్యాన్ పిండిమరలా అరవడం మొదలుపెట్టింది. ఇల్లంతా రొట్టెలు మాడిన వాసన.

అక్కడ్నుంచే మాకు మంచి రోజులు!

నాన్న గురక వినబడటం మానేసింది. మా ఇంటి గొడవలు వినబడక పక్కింటి ఉమ్ రబీ చిక్కిపోయింది. ఇక నాలాగా నలుగురిలో నోరు పెగలని వాళ్ళకైతే ఆ మోత ఒక వరం. ఏమన్నా ఎవరికీ వినబడదు. అందుకని అన్నీ అన్నాను.

ముఖ్యంగా రయీస్ అబూ నిదాల్ వచ్చినప్పుడు. రయీస్ అంటే మా మున్సిపాలిటీ పెద్ద. నాన్నమ్మను పలకరించే వంకతో కాఫీకి వస్తాడు. నాన్న ట్రాన్స్‌ఫార్మర్ సంగతి అడుగుతాడు.

"వచ్చే వారం!" అని ఆయన అరుస్తాడు.

అబద్ధాన్ని కూడా గొంతు చించుకుని చెప్పాల్సి రావడం పాపం ఎంత శ్రమ!

నాన్నమ్మ నవ్వు ముఖంతో, "నీ వచ్చే వారానికి గడ్డం కూడా నెరిసిందిరా" అంటుంది.

"నీ దీవెనలే చాలు అత్తా" అని ఆయన పొంగిపోతాడు.

కాఫీ ట్రే పట్టుకుని నేనూ అనవలసింది అంటాను. "నువ్వూ చల్లగా ఉండు తల్లీ" అంటాడు. ప్రజలూ పాలకులూ ఇంత సఖ్యంగా ఇంకెక్కడైనా ఉన్నారా?

మేం దాన్నీ పాడుచేసుకున్నాం. ఒక మధ్యాహ్నం ఫ్యాన్ బిగుసుకుపోయింది. పెట్టె ఆగింది, మిషన్ ఆగింది, నాన్నమ్మ పెదాలు నల్లబడ్డాయి. అమ్మ రొట్టెల పళ్ళెంతో పెట్టెకు విసిరి విసిరి చల్లబరిచాక గానీ మిషన్ మళ్ళీ కదల్లేదు. నాన్న కిందికి పరిగెత్తి రిపేరు షాపు వాహెల్‌ని పట్టుకొచ్చాడు. అతను కొత్త ఫ్యాన్ బిగించి, "దీనికి గానీ నూనె పోశావో, ఈసారి నన్ను పిలవద్దు వదినా" అని చెప్పి వెళ్ళాడు.

కొత్తది తిరుగుతున్నట్టే తెలియదు. అమ్మ మాటిమాటికీ చెయ్యి పెట్టి గాలి చూసుకుంటోంది.

ఆ వారమే రయీస్ వచ్చాడు. నాన్న అడిగాడు. ఆయన అలవాటుగా, "వచ్చే వారం!" అని అరిచాడు. మిద్దె మీద పావురాలు ఎగిరిపోయాయి.

నాన్నమ్మ కూడా అలవాటుగా గడ్డం మాట అనేసింది. నేనూ అలవాటుగానే, "ఈసారి ఈ పెట్టె ఆగితే నాన్నమ్మను మంచంతో సహా మీ ఇంటికి మోసుకొస్తాం. మీ ఇంట్లో దీపాలు ఆరవుగా" అన్నాను.

నా మాటను మింగేయడానికి ఆ మోత ఇప్పుడు లేదు.

"ఏమన్నావు?" అన్నాడాయన.

మామూలుగా అయితే వంటింట్లోకి పారిపోయేదాన్ని. కానీ నాన్నమ్మ నా వైపే చూస్తోంది. ఆ మధ్యాహ్నపు పెదాలు గుర్తొచ్చాయి. మళ్ళీ అన్నాను, ఒక్క ముక్క కూడా తగ్గించకుండా.

ఆయన కాఫీ సగంలో వదిలి లేచాడు. గుమ్మం దగ్గర ఆగి నాన్నను అడిగాడు.

"ఆ పాత ఫ్యాన్ పారేశారా?"

"లేదు. ఎందుకు?"

"మా ఆఫీసు పెట్టెకు కావాలి. అక్కడిది మరీ నిశ్శబ్దంగా ఉంది. వచ్చినవాళ్ళ మాటలన్నీ వినబడి పని సాగట్లేదు."

"అది బిగుసుకుపోయింది కదా రయీస్."

అమ్మ ఫ్యాన్‌ని కాగితంలో చుట్టి, పక్కనే చిన్న సీసాడు ఆలివ్ నూనె కూడా పెట్టి ఇచ్చింది.

ట్రాన్స్‌ఫార్మర్ ఇంకా రాలేదు. నాన్నా నేనూ నాన్నమ్మ మంచానికి మోయడానికి కర్రలు కట్టి ఉంచాం. రయీస్ ఇల్లు దిగువ వీధిలో. అదృష్టం, దారంతా దిగుడే.