సేనానాయకుడికి దెబ్బ తగలాలా?

యుద్ధభూమిలో అందరికంటే క్షేమమైన ఉద్యోగం సేనానాయకుడిది. పిల్లల్ని కన్న ప్రతి తల్లీ ఈ మాట గోడ మీద రాసి పెట్టుకోవాలి.

సైన్యంలో వంటవాడికైనా చెయ్యి కాలుతుంది. గుర్రాల్ని చూసుకునేవాడికైనా ఎప్పుడో ఒకప్పుడు తన్ను తగులుతుంది. నాయకుడికి గొంతు బొంగురుపోవడం తప్ప ఇంకే ప్రమాదమూ లేదు. దానికి వేడినీళ్ళు పుక్కిలిస్తే సరిపోతుంది.

నేను చదివింది తొమ్మిదో తరగతి. వీధిలో ఇద్దరు గట్టిగా మాట్లాడుకుంటే లేచి కిటికీ మూసే మనిషిని. అయినా ఈ విషయంలో నాకున్న అనుభవం చాలామంది సైన్యాధికారులకి ఉండదు. రెండు నెలలుగా ప్రతి ఆదివారం మధ్యాహ్నం యుద్ధాలు జరుగుతున్నది మా భోజనాల బల్ల మీదే.

మా అమ్మాయి ఒక ఆట ఆడిస్తుంది. కాగితాలు, పెన్సిళ్ళు, ఇరవై ముఖాల పాచిక ఒకటి, అంతే సరంజామా. అది కథ చెబుతుంది, మిగతావాళ్ళు ఆ కథలో మనుషులవుతారు. ఒకరు కత్తివీరుడు, ఒకరు విలుకాడు, ఒకరు వైద్యుడు. ఒక్కొక్కరికీ ఉండే ఈ పనిని వాళ్ళు క్లాస్ అంటారు. ఏ క్లాస్ ఏం చెయ్యగలదో, ఎన్ని దెబ్బలకి చస్తుందో అన్నిటికీ రూల్స్ ఉంటాయి. మా అమ్మాయి ఇప్పుడు సొంతంగా ఒక కొత్త క్లాస్ తయారు చేస్తోంది. పేరు దళనాయకుడు.

ఇరవై ఏడేళ్ళ పిల్లకి ఇదేం పని అని మూతి తిప్పకండి. ఆటలు అచ్చువేసే కంపెనీ ఒకటి దీన్ని చూసి, కుదిరితే అచ్చువేస్తాం, నిన్ను కూడా మా దగ్గర పనిలోకి తీసుకుంటాం అని రాసింది. కుర్చీలో కూర్చుని చేసే పని. ఆఫీసుల్లో చక్రాలున్న కుర్చీలు ఒక్కోసారి జారిపోతాయని విన్నాను గానీ, ఆ భయం తర్వాత పడతాను.

ఎందుకంటే ఇప్పుడు అది పని చేసేది గోడౌన్‌లో. ముగ్గురు మనుషుల ఎత్తు ఇనుప ర్యాకులు, వాటి మధ్య సందుల్లో మా పిల్ల. షిఫ్ట్ ఇన్‌చార్జి. పోయిన నెల ఒక ర్యాక్ ఒరిగిపోయి, లోడింగ్ చేసే పెద్దాయన కాలు రెండు చోట్ల విరిగింది. అప్పట్నుంచి ఫోన్ మోగితే నేను ముందు కూర్చుని, తర్వాత తీస్తున్నాను. ఆటల కంపెనీ ఈ దళనాయకుణ్ణి తీసుకోవాలి, నా కూతురు ఆ ర్యాకుల కింద నుంచి బయటపడాలి. నాకు కావలసింది ఇంతే.

మొదట రాసిన దళనాయకుడు ఎంత బాగున్నాడని! చేతిలో కత్తి ఉండదు. ఎత్తైన చోట నిలబడి "పొడువు" అంటాడు, కత్తివీరుడికి ఇంకో పోటు పొడిచే అవకాశం వస్తుంది. నేల మీద పడ్డవాడి వైపు తిరిగి "లే, నీ మీద నాకు నమ్మకముంది" అంటాడు, వాడి గాయం సగం మానిపోతుంది. మందూ లేదు, కట్టూ లేదు. దళంలో ఒక్కొక్కరు చచ్చినప్పుడల్లా నాయకుడికి ఒక పట్టుదల పాయింటు వస్తుంది.

ఇదంతా కల్పన అంటారా? మీరు బయట తిరగరనుకుంటాను.

మా అపార్ట్‌మెంట్ ప్రెసిడెంటు గారు లిఫ్ట్ చెడిపోయిన పదకొండు రోజులూ కింద మెట్ల దగ్గర నిలబడి ముసలివాళ్ళని ఉత్సాహపరిచారు. "ఇంకో రెండు అంతస్తులే, మీరు ఎక్కేస్తారు" అని. ఎక్కారా లేదా? ఒకావిడ మాత్రం మధ్యలో కూలబడి సాయంత్రం దాకా లేవలేదు. అది ఆవిడలో పట్టుదల లేకపోవడం, ఆయన తప్పు కాదు. మా వీధి బడిలో వానకి గది కారుతుంటే హెడ్‌మాస్టరు గారు పిల్లలకి ధైర్యం గురించి గంటసేపు చెప్పారు, వరండాలో నిలబడి. పిల్లలు తడిశారు గానీ ధైర్యంగా తడిశారు. వరండా అనేది ఒకటి ఉండబట్టే కదా ఆయన గొంతు పాడవకుండా మనకి మిగిలింది?

ఇక మా తమ్ముడు. మా అమ్మాయి పనిచేసే గోడౌన్‌కి మేనేజరు. మేము ఇల్లు మారినప్పుడు బీరువాని మూడంతస్తులు ఎక్కించింది వాడే. అంటే, మోసింది నలుగురు కూలీలు. వాడు ముందు నడుస్తూ "కాస్త ఎడమకి, ఎడమకి" అన్నాడు. పైకి చేరాక నడుం పట్టుకుని కూర్చుని, "అక్కా, చాలా బరువే" అన్నాడు. కూలీలకంటే ముందు వాడికే టీ ఇచ్చాను.

అందుకే ఆ క్లాస్‌ని పరీక్షించి చూడాలని అమ్మాయి అన్నప్పుడు, దళనాయకుడిగా వాణ్ణే కూర్చోబెట్టాం. కత్తివీరుడు అమ్మాయి స్నేహితుడు, అంబులెన్సు నడుపుతాడు. వైద్యురాలు మందుల షాపులో పనిచేసే పిల్ల. విలుకాడు రాలేదని నన్ను కూర్చోమన్నారు. విల్లు బరువెంత ఉంటుందో అడిగి మరీ కూర్చున్నాను.

"మాటలతో రక్తం ఎలా ఆగుతుందండీ?" అంది మందుల షాపు పిల్ల, కాగితం చదువుతూ.

"ఆగుతుందమ్మా. మా గోడౌన్‌లో రోజూ ఆగుతుంది" అన్నాడు మా తమ్ముడు. "ఏమ్మా మేనకోడలా, ఇది నన్ను చూసి రాశావు కదూ?"

అమ్మాయి పాచిక దొర్లించుకుంటూ ఉండిపోయింది.

తోడేలు తలల రాక్షసులు వచ్చారు. మా తమ్ముడు బండరాయి మీదకి ఎక్కాడు.

"కత్తివీరుడా, ముందుకి."

"సార్, ముందు లోయ ఉంది" అన్నాడు డ్రైవరు.

"ఉంటే? దూకు. నీ మీద నాకు నమ్మకముంది."

డ్రైవరు దూకాడు, చచ్చాడు. వాణ్ణి లేపడానికి వెళ్ళి వైద్యురాలు చచ్చింది. నన్ను చెట్టు చాటు నుంచి బయటికి రమ్మన్నాడు. నేను రానన్నాను. రూల్ ప్రకారం రావాలట. వచ్చాను, చచ్చాను. మూడు పట్టుదల పాయింట్లతో మిగిలిన రాక్షసుణ్ణి ఒక్క అరుపుతో పారిపోయేలా చేసి, ఖాళీ మైదానాన్ని చూస్తూ మా తమ్ముడు "టీమ్ చాలా బాగా ఆడింది" అన్నాడు.

ఒక్క గీటు కూడా పడలేదు వాడి మీద. ఏ తల్లి కన్న బిడ్డో, క్షేమంగా ఇంటికి చేరాడు. నేనూ వాడూ ఒకే తల్లి బిడ్డలమనుకోండి.

ఇంత చక్కటి క్లాస్‌ని మా అమ్మాయి చేజేతులా పాడు చేసింది. మరుసటి ఆదివారానికి ఒక కొత్త రూల్ రాసుకొచ్చింది. నాయకుడు ఎవరికి ఆజ్ఞ ఇస్తాడో, ఆ ఆజ్ఞ పాటించినందుకు వాడికి తగిలే దెబ్బ నాయకుడికే తగలాలి. సైనికుడికి కాదు.

"ఇదేం రూలమ్మా? నాయకుడు చచ్చిపోతాడు కదా" అన్నాను.

"చస్తే చావనీ" అంది.

మళ్ళీ యుద్ధం మొదలైంది. అదే బండరాయి, అవే తోడేలు తలలు. మా తమ్ముడి వంతు వచ్చింది. వాడు కాగితాన్ని రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఏం చేస్తున్నావు మామయ్యా?"

"పరిస్థితిని గమనిస్తున్నాను."

రెండో వంతు వచ్చింది. "ఇంకా గమనిస్తున్నాను. తొందరపడకూడదు."

"సార్, నన్ను ముగ్గురు చుట్టుముట్టారు. ఏదో ఒకటి చెప్పండి" అన్నాడు డ్రైవరు.

"నీకు ఏది మంచిదనిపిస్తే అది చెయ్యి బాబూ. నేను మీకు స్వేచ్ఛ ఇచ్చాను."

ఆ స్వేచ్ఛలో ముగ్గురం చచ్చిపోయాం. ఒక్క ఆజ్ఞ కూడా ఇవ్వలేదు కాబట్టి వాడికి ఒక్క దెబ్బా తగల్లేదు. చూశారా ఎంత తెలివో? రూల్ మారినా మనిషి క్షేమం. మా అమ్మాయి మాత్రం తల పట్టుకుని, నోరు విప్పని నాయకుడి చేత నోరు విప్పించే రూల్ ఏమిటా అని వారం రోజులు గోడలు చూసింది. అలాంటి రూల్ పెద్ద పెద్ద ఆఫీసులకే ఇంతవరకు దొరకలేదు, పెన్సిలు పట్టుకున్న పిల్లకి దొరుకుతుందా?

ఆఖరికి ఇంకో రూల్ కూడా రాసి, రెండూ కలిపి కంపెనీకి పంపింది. ఆజ్ఞ ఇస్తే దెబ్బ నాయకుడిది. ఇవ్వకుండా ఊరుకుంటే, ఆ ఊరుకున్నందుకు చచ్చినవాళ్ళందరి దెబ్బలూ నాయకుడివే.

కంపెనీవాళ్ళు ఎంతో మర్యాదగా జవాబు రాశారు. మా ఆటలు కొనేవాళ్ళు వారమంతా ఎక్కడో ఒకచోట దెబ్బలు తిని వస్తారు, సెలవు రోజున నాయకుడైనా సుఖంగా ఉండాలనుకుంటారు, కాబట్టి ఆ రూల్ తీసెయ్యండి అని. మా అమ్మాయి ఒప్పుకోలేదు. అప్పుడు వాళ్ళే ఒక మెట్టు దిగి, తీసెయ్యక్కర్లేదు, చివరి పేజీలో చిన్న అక్షరాల్లో వేస్తాం, పక్కన "ఇష్టమైతే పాటించవచ్చు" అని రాస్తాం, సరేనంటే పనిలో చేరే తేదీ చెబుతాం అన్నారు.

ఇంతకంటే పెద్దమనసు ఎవరికి ఉంటుంది?

"ఒప్పుకోవే" అన్నాను.

"ఇష్టమైతే పాటించవచ్చు అంటే ఎవరు పాటిస్తారమ్మా?"

"ఎవరూ పాటించరు. అందుకేగా పెట్టుకోమంటున్నారు. నీ మాటా నిలబడింది, వాళ్ళ వ్యాపారమూ నిలబడింది. నీకు కుర్చీ వచ్చింది."

"మరి ఆ పెద్దాయనకి?"

ఆటలో పెద్దాయన ఎవరూ లేరు. అది అడిగింది కాలు విరిగిన మనిషి గురించి.

మీకు ఈ ముక్క కూడా చెప్పాలి కాబోలు. ఆ ర్యాక్ పై అరలో, మోయగలిగిన దానికి రెట్టింపు బరువు పెట్టమన్నది మా తమ్ముడు. అక్కడున్నవాళ్ళందరూ విన్నారు. రిపోర్టులో మాత్రం "అలా పెట్టమని ఎవరూ ఆదేశించలేదు, అది లోడింగ్ మనిషి సొంత నిర్ణయం" అని రాసి ఉంది. దాని కింద షిఫ్ట్ ఇన్‌చార్జి సంతకం కావాలి. ఆ కాగితం పట్టుకుని మా తమ్ముడు మా ఇంటికే వచ్చాడు, ఈ బల్ల దగ్గరే కూర్చున్నాడు. అమ్మాయి పెన్ను పట్టుకుని ఎంతసేపటికీ సంతకం పెట్టలేదు. మేనమామతో గొడవ, ఉద్యోగం పోవడం, కోర్టులు, పోలీసులు, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. "పెట్టెయ్యమ్మా, మనకెందుకు" అన్నాను. ఒకసారి కాదు, నాలుగుసార్లు అన్నాను. పెట్టింది.

తప్పు ఆయనదేనని తేల్చి పెద్దాయన్ని పనిలోంచి తీసేశారు. ఇంకా మంచం దిగలేదట. మా అమ్మాయి ఆ రూల్ రాయడం మొదలుపెట్టింది సంతకం పెట్టిన మర్నాడే.

నిన్న కంపెనీకి జవాబు పంపేసింది. రూల్ మొదటి పేజీలో ఉంటేనే క్లాస్ ఇస్తాను, లేకపోతే లేదు అని. రేపు పొద్దున పదింటికి లేబర్ ఆఫీసుకి వెళ్ళి, తను సంతకం పెట్టిన ఆ రిపోర్టు అబద్ధమని రాసిస్తుందట. ఇక కుర్చీ లేదు, బహుశా గోడౌనూ ఉండదు. నాయకుడి కోసం రాసిన రూల్‌ని తన మీదే వేసుకుని కూర్చుంది.

"నువ్వూ రామ్మా" అంది పొద్దున. "నన్ను సంతకం పెట్టమన్నది ఎవరో నువ్వే చెబుదువుగాని."

మోకాళ్ళు నొప్పులన్నాను. అది సరే అని బట్టలు ఆరేయడానికి వెళ్ళింది.

మీరే చెప్పండి, నేను వెళ్ళాలా? రెండు బస్సులు మారాలి. ఎండ ఎలా ఉందో చూస్తున్నారు. తమ్ముడికి తెలిస్తే ఈ జన్మకి మాటలుండవు. ఏదో భయపడి, ఇంట్లో కూర్చుని, కన్నకూతురి మంచి కోరి అన్న ఒక మాటని ఆఫీసుల దాకా లాగడం న్యాయమేనా? ఆ రిపోర్టు నకలు అమ్మాయి బీరువాలో ఉంది. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాను. నా పేరు అందులో ఎక్కడా లేదు.