మూసిన బాక్సా, బొక్క బాక్సా?

ఆ ఆదివారం అచ్యుత వేసుకున్న ప్లాను చాలా చిన్నది. కారులో పాటల బాక్సు సంగతి తేల్చుకోవాలి, తర్వాత బేరానికి వచ్చే గుండప్పకు తన ఇల్లు చూపించి ఆ పీడ వదిలించుకోవాలి. అచ్యుత రాబర్ట్‌సన్‌పేటలో ఉంటూ కోలారులో పాఠాలు చెప్పే లెక్కల మాస్టారు. రోజూ అంత దూరం తిరిగి తిరిగి నడుం పడిపోయింది. కోలారు పక్కనే తమకలో చిన్న ఇల్లొకటి చూసుకున్నాడు గానీ, ఇప్పుడున్న ఇల్లు అమ్ముడైతే తప్ప అది చేతికి రాదు. బంగారు గనులు మూతపడ్డాక ఈ ఊళ్లో ఇల్లు కొనేవాడు కరువు. వచ్చిన ప్రతివాడూ గోడలు చూడడు, నేల చూస్తాడు. "కింద అంతా డొల్లంట కదా సార్?" అని అడిగి, కాఫీ తాగి, పోతాడు.

ఆ దిక్కుమాలిన ప్రయాణంలో ఆయనకున్న ఒకే సుఖం పాటలు. అందుకే బజారులో కార్లకు స్పీకర్లు బిగించే గిరీశ్ రెండు బాక్సులు పట్టుకుని పొద్దున్నే గుమ్మంలో దిగాడు.

"ఇది సీల్డు సార్, అన్ని పక్కలా మూసేసిండాది. దెబ్బ నీటుగా పడతాది, అంతే. ఇది పోర్టెడ్డు. ఈ బొక్కలోంచి గాలి తన్నుకోని వస్తాది. పాట అదే, స్పీకరు అదే, కానీ కడుపులో తగలతాది."

"ఏది మంచిదప్పా?"

"మద్దెల వినాలంటే మూసింది. వీధికి వినిపించాలంటే బొక్కది."

"మూసిందే తీసుకోండి. ఉండే చప్పుడు చాలదా?" అంది లోపలినుంచి ఆయన భార్య కమలాక్షి. పిల్లల చేత లెక్కలు తేల్పించే మాస్టారు తన లెక్క మాత్రం తేల్చుకోలేక, "రెండూ వినే చెప్తాను" అన్నాడు.

గిరీశ్ కారు డిక్కీలో తల దూర్చాడో లేదో గుండప్ప ముందుగానే వచ్చేశాడు. కోలారు నుంచి వచ్చి ఇక్కడ బియ్యం కొట్టు పెడుతున్నాడు, కాపురానికి ఇల్లు కావాలి. హాల్లోకి వస్తూనే మడమతో నేలను తన్ని చూశాడు.

"అదురేమన్నా ఉండాదా సార్?"

"గనులు మూసినాక ఈ ఇల్లు అదిరిందే లేదు. నా మాట నమ్మండి."

సరిగ్గా అప్పుడే బయట గిరీశ్ బొక్క బాక్సు కలిపి పాట పెట్టాడు. అలమరలో గ్లాసులు గలగలలాడాయి. కిటికీ అద్దాలు జివ్వుమన్నాయి. కమలాక్షి ఇచ్చిన కాఫీ గుండప్ప చేతిలో ఒలికింది.

పక్కింటి అంబుజమ్మ భర్త బతికినన్నాళ్లూ గనిలో దిగినవాడు. లోపల రాయి పగిలి పైన భూమి అదిరితే ఇక్కడ ఎయిర్ బ్లాస్ట్ అంటారు. అదిరిన మరుక్షణం ఆడవాళ్లు చేతిలో పని వదిలేసి, తమవాడు పైకొస్తాడో లేదో చూడ్డానికి గనిలోకి దిగే షాఫ్ట్ గేటు దగ్గరికి పరిగెత్తేవాళ్లు. ఒకసారి అంబుజమ్మ మనిషి పైకి రాలేదు.

"ఎయిర్ బ్లాస్టే! రండే!" అంటూ పిండి చేతులతోనే ఆవిడ పరుగందుకుంది. వెనక ఎదురింటి అక్కయమ్మ, ఆ వెనక వీధి వీధంతా. ఎక్కడికో తెలియకపోయినా చెప్పులు వదిలేసి అందరికంటే ముందు పరిగెత్తినవాడు గుండప్ప. "అయ్యో, అది పాటమ్మా! నిలబడండి!" అని అరుస్తూ వాళ్ల వెనక అచ్యుత.

తుప్పు పట్టిన గేటుకు తాళం వేసి ఉంది. అందరూ రొప్పుతూ నిలబడ్డారు. అంబుజమ్మ ఊచలు పట్టుకుని లోపలికి చూస్తూ ఉండిపోయింది.

"ఇంగ లోపల ఎవరుండారని వచ్చినానప్పా నేను?" అంది చివరికి.

ఎవరూ నవ్వలేదు. అచ్యుతకు ప్రాణం చచ్చినంత పనైంది. అందరినీ బతిమాలి వెనక్కి తీసుకొచ్చి, "గిరీశ్, ఇందాకటి పాటే పెట్టు!" అన్నాడు.

వీధి పరుగు చూసి హడలిపోయిన గిరీశ్ అప్పటికే బొక్క బాక్సు తీసేసి మూసింది కలిపేశాడు. ఆ మాట చెప్పడానికి భయమేసి, పెట్టమన్న పాట పెట్టేశాడు. మద్దెల ముత్యాల్లా పలికింది. ఒక్క గ్లాసూ కదల్లేదు.

గుండప్ప చెప్పులు వెతుక్కున్నాడు. "అయ్యవారై ఉండి అబద్ధం చెప్తారా సార్?"

అచ్యుత డిక్కీలోకి తొంగిచూశాడు. "ఇది వేరే బాక్సండీ!"

"బాక్సు మారితే భూమి అదురుతాదా?"

"ఒరే, ఆ బొక్కది కలపరా!" అని అచ్యుత గుడ్లురిమాడు. ఆ కంగారులో గిరీశ్ వైర్లు తారుమారు చేశాడు. పాటల మెషీనులోంచి పొగ వచ్చింది. పాటా పోయింది, గుండప్పా పోయాడు.

వారమంతా అచ్యుతకు అన్నం సయించలేదు. గిరీశ్‌కు మాత్రం మనసు ఊరుకోలేదు. మెషీను బాగుచేసుకుని, బొక్క బాక్సును తీసుకెళ్లి గుండప్ప కొట్టు ముందు మోగించాడు. తక్కెడ పళ్లాలు గలగలలాడేసరికి గుండప్ప నాలుక కరుచుకున్నాడు. తర్వాతి ఆదివారం తాంబూలంతో సహా వచ్చాడు. "తప్పయిపోయింది సార్. ఇల్లు నాకే ఇయ్యండి. పిల్లోళ్లకు ఈ హాలు శానా బాగుంటాది, ఈడే పండుకుంటారు" అన్నాడు.

తాంబూలం అందుకోబోతుండగా అలమరలో గ్లాసులు గలగలలాడాయి.

గుండప్ప విరగబడి నవ్వాడు. "ఆపమనండి సార్ మీ గిరీశ్‌ని!"

వీధిలో ఎవరూ పరిగెత్తలేదు. "అచ్యుతా, రవంత తగ్గించప్పా!" అని అంబుజమ్మ తన గడప మీదనుంచే కేకేసింది.

అచ్యుత కిందికి చూశాడు. ఏదో ఒకటి తేల్చమని గిరీశ్ వదిలివెళ్లిన రెండు బాక్సులూ కుర్చీ పక్కనే ఉన్నాయి. వైర్లు వేలాడుతున్నాయి. తలుపు దగ్గర కమలాక్షి నోరు మెదపొద్దని కళ్లతోనే చెబుతోంది. ఆయనకూ మెదపాలని లేదు. తమక ఇల్లు కళ్లముందు ఆడింది. కానీ ఆ నేలమీద పడుకోబోయే పిల్లలూ ఆడారు.

"గుండప్పగారూ, అది బాక్సు కాదు."

"ఊరుకోండి సార్, తమాషాలు!"

అచ్యుత బొక్క బాక్సును ఎత్తి ఆయన ఒళ్లో పెట్టాడు. గుండప్ప వేలాడే వైర్లను పట్టుకు చూశాడు. ఈసారి పరిగెత్తలేదు. తెచ్చిన తాంబూలం వెనక్కి తీసుకుని, చెప్పులు సరిగ్గా తొడుక్కుని, నేలమీద మెల్లగా అడుగులేస్తూ వెళ్లిపోయాడు. కమలాక్షి వంటింట్లోకి వెళ్లి తలుపేసుకుంది.

సాయంత్రం గిరీశ్ వచ్చాడు. "ఇంతకీ ఏది బిగించేది సార్?"

అచ్యుత పక్కింటి వైపు చూశాడు. అంబుజమ్మ గడప మీద కూర్చుని ఆకుకూర ఏరుకుంటోంది.

"బొక్క ఉండేదే పెట్టప్పా. ఇంగ భూమి అదిరినా పేరు దానికే పోతాది, ఆయమ్మకు పరిగెత్తే పని తప్పుతాది."